గాలివానకు విరిగిన పనస కొమ్మను చైన్ సాతో ఎలా కోయాలి?

ప్రశ్న: సార్, మాది కవిటి మండలం. మొన్నటి గాలివానకు పెరట్లో పనస కొమ్మ విరిగి వేలాడుతోంది, ఒక కొబ్బరి చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. పెట్రోలు చైన్ సా కొన్నాను. కొమ్మలు కోస్తుంటే ఒక్కసారిగా మొహం మీదికి ఎగిరింది. చెట్టెక్కి ఆ పనస కొమ్మ కోయాలంటే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ముందుగా ఒక మాట, చెట్టెక్కి కోయొద్దు. నిచ్చెన మీదా వద్దు. భుజం కంటే ఎత్తులో ఉన్నది ఏదైనా ఆ మిషన్‌తో మీరు కోసేది కాదు. చెట్లెక్కి కోసే అలవాటున్న వాళ్లను పిలవండి, కూలి ఖర్చయినా సరే. కొమ్మ కరెంటు తీగకు దగ్గరగా ఉంటే లైన్‌మన్‌తో సరఫరా ఆపించాకే వాళ్లయినా ఎక్కాలి.

మిషన్ మొహం మీదికి ఎందుకు ఎగిరిందంటే, బార్ (చైన్ తిరిగే పొడవాటి పలక) కొసలో పైభాగం దేనికో తగిలి ఉంటుంది. కోస్తున్న కొమ్మ వెనక ఇంకో కొమ్మ ఉన్నా చాలు, చైన్ అక్కడ పట్టేసి, సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తిరిగే ఆ బలమంతా బార్‌ను పైకీ మీ వైపుకీ విసిరేస్తుంది, మీరు తేరుకునేలోపే అయిపోతుంది. అందుకే కొసతో కోయొద్దు. రెండు చేతులతో పట్టుకోవాలి, ఎడమ చేతి బొటనవేలు ముందు పిడి చుట్టూ తిరిగి ఉండాలి, మొహం బార్‌కు సూటిగా కాకుండా కొంచెం పక్కకు ఉండాలి. చైన్ బ్రేక్ (చైన్‌ను ఆపే మీట) పనిచేస్తోందో లేదో ప్రతిసారీ చూసుకోండి. స్టార్ట్ చేసేటప్పుడు బ్రేక్ వేసి, మిషన్ నేల మీద పెట్టి, వెనక పిడిలో కాలు ఉంచి తాడు లాగండి. చేత్తో గాల్లో వేలాడదీసి లాగే అలవాటు చాలామందికి ఉంది, మానేయాలి.

లుంగీ, మెడలో తువ్వాలు వద్దు. గట్టి ప్యాంటు, బూట్లు, కళ్లద్దాలు, హెల్మెట్ ఉండాలి. శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది కాబట్టి చెవులకు కూడా ఏదైనా పెట్టుకోండి. ఒంటరిగా చేయొద్దు, కేకేస్తే వినపడే దూరంలో ఒక మనిషి ఉండాలి.

పడిపోయిన కొబ్బరి విషయంలో నాకు ఇంకా భయం. వేళ్లతో లేచిన చెట్టు మొద్దును కోయగానే, వేళ్ల గడ్డ ఒక్కసారి వెనక్కి గుంతలోకి పడిపోవచ్చు, పిల్లల్ని ఆ గుంత దగ్గరికి రానివ్వొద్దు. 2018లో తిత్లీ తుపాను తర్వాత మీ ఉద్దానం ప్రాంతంలో ఇలా పడిన చెట్లు ఎన్నో మీకు తెలుసు. మొద్దు రెండు చివర్లా ఆనుకుని మధ్య గాల్లో ఉంటే పై నుంచి మూడో వంతు కోసి మిగతాది కింది నుంచి కోయండి. ఒక కొస గాల్లో ఉంటే ముందు కింది నుంచి మూడో వంతు, తర్వాత పై నుంచి. లేకపోతే బార్ ఇరుక్కుపోతుంది. కింది నుంచి కోసేటప్పుడు మిషన్ మీ వైపు నెడుతుంది, కాళ్లు గట్టిగా ఆనించి నిలబడండి.

మీది ఇసుక నేల. చైన్ ఒక్కసారి ఇసుకకు తగిలినా పదును పోతుంది, అందుకని మొద్దు కింద దుంగలు పెట్టి కోయండి. పొట్టు పెచ్చులుగా కాక పిండిలా రాలుతుంటే మొద్దుబారిందని అర్థం, అప్పుడు బలంగా నొక్కకుండా ఆపి ఆకురాయితో పదును పెట్టండి. పనస జిగురు చైన్‌కు పట్టేస్తుంది, పని అయ్యాక కిరోసిన్‌తో తుడిచి ఆయిల్ వేయాలి. పెట్రోలులో 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) ఎంత కలపాలో మిషన్ పుస్తకంలో ఉంటుంది, చాలా వాటికి లీటరుకు 20 మి.లీ. వేడి ఇంజన్‌లో మాత్రం పెట్రోలు పోయొద్దు.

పనస కొమ్మ కోసిన చోట బోర్డో పేస్టు పూయండి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీరు. నిలబడి ఉన్న కొబ్బరి చెట్లకు మాత్రం బార్ తగలనివ్వొద్దు, ఆ గాయాల్లోనే ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది. పడిన మొద్దును కూడా కుళ్లిపోయేదాకా వదిలేయకుండా చీల్చి వంటచెరకుకు వాడేయండి, అక్కడే కొమ్ము పురుగు పెరిగి మిగతా చెట్ల మొవ్వు తింటుంది.