ఏ ఎలక్ట్రిక్ ట్రక్కు గెలిస్తే ఆ కంపెనీ షేరు కొనొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే రిజర్వ్ బ్యాంకు పథకం) కింద కొంత డబ్బు పంపి అమెరికా ఈవీ (ఎలక్ట్రిక్ వాహనాల) షేర్లు కొందామనుకుంటున్నాను. ఎలక్ట్రిక్ ట్రక్కుల్లో చివరికి నిలిచేది ఏది? టెస్లా సైబర్‌ట్రక్కా, రివియనా, ఫోర్డా? గెలిచేదాని షేరే కొంటాను.

జవాబు:

2021లో నన్ను నేను సరిగ్గా ఇదే ప్రశ్న వేసుకున్నానండి. రివియన్ బండే మేలైనదని తేల్చుకున్నాను. ఆ లెక్క తప్పలేదు. డబ్బు మాత్రం పోయింది.

ముందు ఒక మాట. ఇక్కడ ట్రక్కు అంటే మన హైవే మీద ఇసుక మోసే లారీ కాదు, పికప్. టాటా ఏస్‌కి ఉన్నట్టు వెనక తొట్టి ఉంటుంది గానీ, ముందు భాగం మాత్రం ఫార్చ్యూనర్ కంటే దర్జాగా ఉంటుంది. నేనుండే డాలస్ చుట్టుపక్కల సామాను మోసే పని లేనివాళ్లు కూడా పికప్ కొంటారు. ఫోర్డ్ ఎఫ్ సిరీస్ 1977 నుంచి ఈ దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడయ్యే ట్రక్కు. కంపెనీలకు లాభాలు వచ్చేది కూడా ఎక్కువగా ఈ బళ్ల మీదే. అందుకే ఎలక్ట్రిక్ పికప్ అనగానే చిన్న మదుపరులందరం ఎగబడ్డాం.

రివియన్ షేరు 2021 నవంబర్ 10న స్టాక్ మార్కెట్లో లిస్టయింది. ఇష్యూ ధర 78 డాలర్లు, మొదటి రోజే వంద దాటి ముగిసింది. మా ఆఫీసులో లంచ్ బల్ల దగ్గర వారమంతా ఇదే గోల. అమెజాన్ వాటా ఉంది, లక్ష వ్యాన్ల ఆర్డరుంది, ఇంకేం కావాలి అని. నేను వారం ఆగి, నవంబర్ 16న 165 దగ్గర 20 షేర్లు కొన్నాను. ఆ రోజు 179 దాకా వెళ్లొచ్చింది. కాగితం మీద ఆ కంపెనీ విలువ ఫోక్స్‌వాగన్‌ని మించిపోయింది. మరి 2021 మొత్తం మీద ఇల్లినాయ్‌లోని వాళ్ల ఫ్యాక్టరీ తయారు చేసినవి ఎన్ననుకున్నారు? 1,015 బళ్లు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

మరుసటి నెలలో మోటార్‌ట్రెండ్ పత్రిక రివియన్ పికప్ ఆర్1టీకి 2022 ట్రక్ ఆఫ్ ది ఇయర్ అవార్డు ఇచ్చింది. చూశారా, నా అంచనా నిజమైందని ఇంట్లో చెప్పుకున్నాను. అప్పటికి షేరు 100 దగ్గర ఉంది. ఇంకో 20 కొన్నాను. జనవరిలో 62 దగ్గర 30. 2022 మార్చిలో ఆ ఏడాది తయారీ లక్ష్యం 25,000 బళ్లేనని కంపెనీ చెప్పాక 38 దగ్గర మరో 30. పడేకొద్దీ కొని సగటు ధర తగ్గించుకోవడం, దీన్ని మనవాళ్లు యావరేజింగ్ అంటారు. మా ఆవిడ దీనికి పెట్టిన పేరు ఇక్కడ రాయలేను. మొత్తం 100 షేర్లు, 8,300 డాలర్లు, సగటు 83.

మే నెలలో లాకిన్ ముగిసింది. లిస్టింగ్‌కి ముందు నుంచి ఉన్న పెద్ద వాటాదారులు కొంతకాలం అమ్మకూడదన్న గడువు అది. ముగిసీ ముగియగానే అమ్మింది ఎవరో కాదు, ఫోర్డ్! రివియన్‌లో వాటా పెట్టుకుని, మరోపక్క సొంతంగా ఎఫ్-150 లైట్నింగ్ అనే ఎలక్ట్రిక్ పికప్ తయారుచేసుకుంటున్న ఫోర్డ్. ఒక్క రోజులో రివియన్ షేరు అయిదో వంతు పడింది. లాకిన్ తేదీ అందరికీ తెలిసేలా ప్రాస్పెక్టస్‌లో, అంటే ఇష్యూకి ముందు కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో, రాసే ఉంది. నేను బండి గేర్‌టన్నెల్ (సామాను పెట్టుకునే సొరంగం లాంటి అర) మీద వీడియోలు చూశాను తప్ప ఆ పేజీ తిరగెయ్యలేదు.

తర్వాత కళ్లు తెరిపించిన అంకె ఒకటుంది. 2023 మూడో త్రైమాసికంలో రివియన్‌కి ఒక్కో బండి మీద సుమారు 30 వేల డాలర్ల స్థూల నష్టం, అంటే అమ్మిన ధర కంటే తయారీ ఖర్చే అంత ఎక్కువ. అంటే బండి ఎంత బాగుండి ఎన్ని ఎక్కువ అమ్ముడైతే, అప్పటికి అంత చమురు వదులుతుందన్నమాట. మొదటిసారి స్థూల లాభం కనబడింది 2024 చివరి త్రైమాసికంలో.

ఇక సైబర్‌ట్రక్. 2019 నవంబర్‌లో వేదిక మీద, పగలదన్న దాని అద్దం మీదికి ఇనప గుండు విసిరితే పగిలిన సంగతి అందరికీ గుర్తే. 39,900 డాలర్ల నుంచి మొదలన్నారు. 100 డాలర్లు కట్టి బుక్ చేసుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. బుకింగులు పది లక్షలు దాటాయని టెస్లా అధినేత మస్క్ తర్వాత చెప్పుకున్నారు. 2023 నవంబర్ 30న ఆస్టిన్‌లో డెలివరీలు మొదలైనప్పుడు చూస్తే మొదటి ధర 60,990, అది కూడా ఆ తర్వాత ఎప్పుడో వచ్చే మోడల్‌కి. నేను 100 వెనక్కి తీసేసుకున్నాను.

కానీ తెలివితేటలు ఊరుకోవు కదా. డెలివరీ వేడుకకి టెస్లా షేరు ఎగురుతుందని, ముందు రోజు 250 స్ట్రైక్ వీక్లీ కాల్స్ కొన్నాను, అంటే ఆ శుక్రవారానికి షేరు 250 దాటితేనే విలువుండే ఆప్షన్లు. షేరు పెద్దగా పడలేదు, 240 దగ్గర అటూ ఇటూ కదిలింది, అంతే. శుక్రవారం సాయంత్రానికి నా కాల్స్ సున్నా. వేడుక ఉందని అందరికీ తెలుసు కాబట్టి, ఆ ఆశని ప్రీమియంలో, అంటే ఆ కాల్స్ ధరలో, ముందే కలిపి అమ్మారు నాకు.

విచిత్రం ఆ తర్వాతే. టెస్లా సైబర్‌ట్రక్ అమ్మకాలు విడిగా చెప్పదు, ఇతర మోడళ్లతో కలిపేస్తుంది. అందుకని మాలాంటివాళ్లం రీకాల్ (లోపం సరిచేయడానికి బళ్లని వెనక్కి పిలవడం) నోటీసులు చూసి లెక్కగట్టేవాళ్లం. 2025 మార్చిలో అద్దం పక్కన ఉండే స్టీలు పట్టీ ఊడొస్తోందని రీకాల్ చేసినప్పుడు ఆ నోటీసులో ఉన్నవి 46,096 బళ్లు. 2023 నవంబర్ నుంచి 2025 ఫిబ్రవరి దాకా తయారైనవి దాదాపు అన్నీ అందులో ఉన్నాయి. పది లక్షల బుకింగులెక్కడ, ఇవెక్కడ! అయినా 2024 డిసెంబర్‌లో టెస్లా షేరు 480 దగ్గరికి వెళ్లింది, అంటే డెలివరీ రోజుకి రెట్టింపు. రోబోటాక్సీ (డ్రైవర్ లేని టాక్సీ) ఆశలు, అధ్యక్ష ఎన్నికల ఫలితం, ఇంకా ఏవేవో. ట్రక్కుకీ దానికీ సంబంధమే లేదు.

అంటే రివియన్‌లో బండి గెలిచి షేరు ఓడింది, టెస్లాలో బండి చతికిలపడ్డా షేరు ఎగిరింది. ఫోర్డ్ సంగతి ఇంకోలా ఉంది. లైట్నింగ్‌కి దాదాపు రెండు లక్షల బుకింగులు వచ్చాయి, మోటార్‌ట్రెండ్ 2023 అవార్డు కూడా దానికే. చివరికి 2025 డిసెంబర్‌లో పూర్తి ఎలక్ట్రిక్ లైట్నింగ్ తయారీ ఆపేస్తున్నామని, ఈవీ ప్రణాళికల మార్పులకి సుమారు 1,950 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంటున్నామని కంపెనీ ప్రకటించింది. ఫోర్డ్ షేరు కొనేవాడు కొంటున్నది ప్రధానంగా పెట్రోలు బళ్ల, వాణిజ్య వాహనాల లాభాలనే.

ఎలక్ట్రిక్ లారీలు చేస్తామన్న నికోలా కంపెనీ పేరు మీరు అడగలేదు, బతికిపోయారు. 2020 జూన్‌లో ఒక్క బండీ అమ్మకుండానే కొద్దిసేపు దాని విలువ ఫోర్డ్‌ని మించింది. వీడియోలో పరిగెత్తిన లారీ నిజానికి వాలు మీద దొర్లిందని తర్వాత బయటపడింది. 2025 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు: ఏ ట్రక్కు గెలుస్తుందో పక్కన పెట్టండి. రివియన్ చూస్తానంటే త్రైమాసిక ఫలితాల్లో మూడే చూడండి. బండి మీద స్థూల లాభమా నష్టమా, చేతిలో నగదు ఎన్నాళ్లకి సరిపోతుంది, కొత్త షేర్లు ఎన్ని జారీ చేశారు. 2024లో ఫోక్స్‌వాగన్ 500 కోట్ల డాలర్ల దాకా పెడతానని ముందుకొచ్చింది వాళ్ల సాఫ్ట్‌వేర్ కోసం, పికప్ కోసం కాదు. ఇక ముందు వాళ్ల బతుకు 45 వేల డాలర్ల నుంచి మొదలని చెప్పిన ఆర్2 మీద ఉంది, అది ట్రక్కు కూడా కాదు, ఎస్‌యూవీ.

నా 100 షేర్లు 2023 డిసెంబర్ చివర్లో 23 దగ్గర అమ్మేశాను. నష్టం 6,000. లాభాలేవీ లేనప్పుడు ఇక్కడ పన్ను లెక్కలో ఏడాదికి 3,000 నష్టం వరకే జీతంలోంచి తీసేసుకోనిస్తారు కాబట్టి రెండేళ్ల టాక్స్ రిటర్నుల్లో మోశాను. 30 రోజుల్లోపు మళ్లీ అదే షేరు కొంటే ఆ నష్టం అప్పటికి చెల్లదని వాష్ సేల్ నిబంధన ఒకటుంది. ఆ నెల రోజులూ యాప్ తెరవకుండా కూర్చున్నాను. అమెరికా ప్రభుత్వం పెట్టిన రూల్స్ అన్నిట్లో ఇదొక్కటే బాగుందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.