‘వస్తే’కీ ‘ఇఫ్’కీ మధ్య: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన ఇంగ్లీషు కథా అందాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరిన రాత్రిని, వసారాలో కూర్చున్న ఒక ముసలమ్మ మాటల్లో చెప్పాలనుకోవడం మంచి ఆలోచన. కథ సంగతి మరో ఉత్తరంలో రాస్తాను. ‘షరతు వాక్యాల నాలుగు రకాలూ నాకు కంఠతా వచ్చు, అయినా రాయబోయేసరికి తడబడతాను, ఎందుకు?’ అని అడిగావు కాబట్టి ఈసారికి ఆ ఒక్క విషయమే రాస్తాను. నీ కథలో అలాంటి వాక్యాలు పదిహేడు లెక్కపెట్టాను. తొమ్మిదింటిలో తప్పులున్నాయి. వరద కథలో ఇన్ని షరతు వాక్యాలు రావడం సహజమే. నది పొంగుతున్న ఊళ్ళో మనుషులు మాట్లాడుకునేదంతా ‘ఇంకో అడుగు పెరిగితే’, ‘తెల్లారేసరికి తగ్గకపోతే’ అన్న మాటలతోనే కదా.

ముందు నీ ముసలమ్మ అన్న ఒక్క మాట తీసుకుందాం. ‘నీళ్ళు ఇంట్లోకి వస్తే కొండ మీదికి వెళ్ళేవాళ్ళం’ అని ఆమె నీ మనసులో తెలుగులో అంది. నువ్వు దాన్ని ‘ఇఫ్ ద వాటర్ విల్ కమ్ ఇన్, వి వుడ్ గో అప్ ద హిల్’ అని రాశావు. ఆమె మాటకు అర్థం ఏమిటి? నీళ్ళు రాలేదు, వాళ్ళు వెళ్ళలేదు. నీ ఇంగ్లీషు వాక్యంలో మొదటి సగం రాబోయే నీళ్ళ గురించి మాట్లాడుతుంటే, రెండో సగం ఊహలోని కొండ గురించి మాట్లాడుతోంది. రెండు సగాలూ ఒకే రాత్రికి చెందినవిగా లేవు.

తప్పు ఎక్కడ పుట్టిందో చూడు. తెలుగులో ‘వస్తే’ అన్న రూపానికి కాలం లేదు. మన వ్యాకరణాల్లో దీన్ని చేదర్థకం అంటారు. సంస్కృతంలో ‘చేత్’ అంటే ‘అయితే’ అని, ఆ మాట మీదుగా వచ్చిన పేరు. ‘నీళ్ళు వస్తే వెళ్తాం’ అన్నా, ‘నీళ్ళు వస్తే వెళ్ళేవాళ్ళం’ అన్నా ముందు సగం అక్షరం మారదు. వరద నిజంగా వచ్చేదా, రాకుండా పోయినదా అన్నది వాక్యం చివరి క్రియ దాకా వినేవాడికి తెలియదు. మాట్లాడేవాడు ముందే చెప్పదలిస్తే ‘వచ్చి ఉంటే’ అనవచ్చు కానీ, అనకపోయినా మన వాక్యం నడుస్తుంది. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు. ‘ఇఫ్ ద వాటర్ కమ్స్ ఇన్’ అన్నామంటే రావచ్చు, రాకపోవచ్చు. ‘ఇఫ్ ద వాటర్ కేమ్ ఇన్’ అని ఊహగా అన్నామంటే వస్తుందని అనుకోవడం లేదు, ఊరికే ఊహిస్తున్నాం. ‘ఇఫ్ ద వాటర్ హ్యాడ్ కమ్ ఇన్’ అన్నామంటే రాలేదు, ఆ ఘడియ దాటిపోయింది. ‘ఇఫ్’తో మొదలైన వాక్యంలో మొదటి క్రియ దగ్గరే మాట్లాడేవాడి నమ్మకం ఎంతో బయటపడుతుంది. అందుకే, తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవాళ్ళు ముందు సగం రాసేటప్పటికి ఇంకా తేల్చుకోని విషయాన్ని ఇంగ్లీషు ముందుగానే తేల్చమంటుంది. నీ చెయ్యి తడబడుతున్నది అక్కడే.

పాఠ్యపుస్తకాలు వీటికి సున్నా, ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తాయి. పరీక్షకు అవి పనికొస్తాయి, కథకు అంతగా పనికిరావు. నువ్వు గోదావరి ఒడ్డు కథ రాస్తున్నావు కాబట్టి వాటిని నది లెక్కలోనే చూడు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి చేరితే రెండోది, 53కి చేరితే మూడోది జారీ చేస్తారు. ఇది ఏ ఒక్క రాత్రికో చెందిన మాట కాదు, ఎప్పుడూ ఉండే నియమం. అందుకే ‘ఇఫ్ ద లెవెల్ రీచెస్ 43 ఫీట్, ద ఫస్ట్ వార్నింగ్ ఈజ్ ఇష్యూడ్’ అని రెండు సగాల్లోనూ వర్తమానమే వాడతాం, ‘ఇఫ్’ తీసి ‘వెన్’ పెట్టినా పెద్ద తేడా రాదు. అదే ముసలమ్మ కొడుకు టార్చిలైటుతో వచ్చి, ఈ రాత్రి 53 దాటితే బయలుదేరుదాం అన్నాడనుకో, అది ఒక ఇంటివాళ్ళ నిర్ణయం, ఇంకా జరగనిది, జరిగే అవకాశం ఉన్నది. అక్కడ ముందు సగంలో వర్తమానం, తరువాతి సగంలో ‘విల్’ వస్తాయి. ఎండాకాలంలో ఇసుక తేలిన నదిని చూస్తూ ఒక పిల్లవాడు ‘నీళ్ళు ఎనభై అడుగులు వస్తే ఎక్కడికెళ్తాం తాతా?’ అని అడిగితే అది నమ్మకం లేని ఊహ. ‘కేమ్’, ‘వుడ్’ దాని రూపాలు. ఇక 1986లో నీళ్ళు 75.6 అడుగులకు వచ్చిన రోజులను తలుచుకుని ఆ తాత ‘ఆనాడు కట్ట ఉండి ఉంటే ఇల్లు దక్కేది’ అన్నాడంటే, జరిగిపోయినదాన్ని మనసులో తిరగరాస్తున్నాడన్నమాట. ‘హ్యాడ్’, ‘వుడ్ హావ్’ అక్కడ తప్పవు.

ఇందులో కొత్తవాళ్ళను అన్నిటికన్నా ఎక్కువగా తికమకపెట్టేది ఆ పిల్లవాడి ప్రశ్న. రాబోయే రోజుల గురించి అడుగుతూ ‘కేమ్’ అని భూతకాలం ఎందుకు వాడాలి? ఆ ‘కేమ్’ నిన్నటి మాట కాదని గ్రహిస్తే సగం కష్టం తీరినట్టే. ఇంగ్లీషు కాలాన్ని ఒక మెట్టు వెనక్కి జరిపి, ఆ ఊహ నిజం నుంచి ఎంత దూరంలో ఉందో చూపిస్తుంది. ఇది మనకు తెలియని పద్ధతేమీ కాదు. ‘నా దగ్గర డబ్బుంటే పడవ కొనేవాణ్ణి’ అని పడవ సరంగు అన్నప్పుడు ఇవాళ్టి లేమి గురించే మాట్లాడుతున్నాడు, అయినా ‘కొనేవాణ్ణి’ అని భూతకాల రూపమే వాడాడు. ఇంగ్లీషు ఆ వెనక్కి జరపడాన్ని రెండు సగాల్లోనూ చేస్తుంది, మనం చివర మాత్రమే చేస్తాం.

సంస్కృతం దారి ఇంకొకటి, ఇది కొంచెం పక్కదారే అయినా చెప్పకుండా ఉండలేను. పాణిని 3.3.139వ సూత్రంలో క్రియాతిపత్తి అన్న మాట వాడాడు. కావలసిన పని కాకుండా పోవడం అని దానికి అర్థం, దానికోసం లృఙ్ అనే ప్రత్యేకమైన లకారం, అంటే ఒక క్రియారూపాల వరుస, ఉంది. ‘సువృష్టిశ్చేదభవిష్యత్ సుభిక్షమభవిష్యత్’ అని పండితులు చెప్పే ఉదాహరణ: మంచి వాన కురిసి ఉంటే పంటలు సమృద్ధిగా పండి ఉండేవి. గమనించావా, రెండు సగాల్లోనూ అదే ‘అభవిష్యత్’. ఇంగ్లీషు కూడా రెండు చోట్లా గుర్తు వేస్తుంది, కానీ ఒకే గుర్తు వెయ్యనివ్వదు. ముందు ‘హ్యాడ్’, తరువాత ‘వుడ్ హావ్’. ‘ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్’ అని అమెరికావాళ్ళ మాటల్లో వినబడుతుంది, నీ పాత్ర అమెరికాలో పెరిగినదైతే ఆ నోట పెట్టవచ్చు, నీ సొంత కథనంలో మాత్రం వద్దు.

‘విల్’ విషయం త్వరగా ముగిస్తాను. ‘ఇఫ్’ పక్కన ‘విల్’ పెట్టాలనిపించినప్పుడల్లా ‘వస్తే’లో భవిష్యత్తు గుర్తు ఎక్కడుందో వెతుకు. దొరకదు. తెలుగులో లేనిదాన్ని ఇంగ్లీషులోకి మోసుకుపోవడం అనవసరమైన బరువు. మర్యాదగా ఒప్పుదల అడిగే చోట, ‘ఇఫ్ యూ విల్ వెయిట్ ఎ మినిట్’ వంటి వాక్యాల్లో అది చెల్లుతుంది; అక్కడ ‘విల్’ అంటే భవిష్యత్తు కాదు, సమ్మతి.

నీ కథలో నన్ను నిజంగా ఆపిన చోటు వేరే ఉంది. ‘మా చిన్నప్పుడు వరద వస్తే కొండ మీదికి వెళ్ళేవాళ్ళం’ అన్న ముసలమ్మ వాక్యానికి నువ్వు ‘వుడ్ హావ్ గాన్’ రాశావు. వాక్యం పైకి మొదటి ఉదాహరణలాగే ఉంది, మాటలు దాదాపు అవే, అర్థం మాత్రం పూర్తిగా వేరు. ‘మా చిన్నప్పుడు’ అనగానే అది అలవాటు అయింది: వరద వచ్చేది, వాళ్ళు వెళ్ళేవాళ్ళు, ఏటా. ‘వెళ్ళేవాళ్ళం’ అన్న రూపం జరిగిన అలవాటునూ చెబుతుంది, జరగని సంఘటననూ చెబుతుంది. చిత్రమేమిటంటే ఇంగ్లీషు ‘వుడ్’ కూడా సరిగ్గా ఈ రెండు పనులూ చేస్తుంది. ‘వెన్ ద ఫ్లడ్స్ కేమ్, వి వుడ్ గో అప్ ద హిల్’ అంటే అలవాటు. ‘ఇఫ్ ద ఫ్లడ్ హ్యాడ్ కమ్, వి వుడ్ హావ్ గాన్’ అంటే జరగనిది. ఒకదానితో ఒకటి చుట్టరికం లేని రెండు భాషలు ఒకే క్రియ మీద జ్ఞాపకాన్నీ ఊహనూ కూర్చోబెట్టాయి. వ్యాకరణం కోసం చదివే విద్యార్థికి ఇది చిక్కు, కథ రాసేవాళ్ళకు నిధి. ఆ ముసలమ్మ ఒక వాక్యంలో చిన్ననాటి వరదలనూ, తరువాతి వాక్యంలో ఈ రాత్రి రాని వరదనూ చెబుతుంటే, చదివేవాళ్ళు ‘వుడ్’ మీదుగా ఒకదాని నుంచి మరొకదానికి దాటాలి. దానికి నువ్వు చెయ్యవలసిందల్లా ‘వెన్’నూ ‘ఇఫ్’నూ కలగాపులగం చెయ్యకపోవడం.

ఇలాగే మన రూపం ఒక్కటై ఇంగ్లీషులో రెండుగా చీలే చోటు ఇంకొకటి ఉంది. ‘వాన కురిసినా వెళ్తాను’, ‘వాన కురిసినా వెళ్ళాను’. మనకు రెండిట్లోనూ ‘కురిసినా’. ఇంగ్లీషులో మొదటిదానికి ‘ఈవెన్ ఇఫ్’, రెండోదానికి ‘ఈవెన్ దో’. మొదటిదాంట్లో వాన కురుస్తుందో లేదో తెలియదు, రెండోదాంట్లో కురిసింది. నీ కథలో మూడుచోట్ల ఇది తారుమారైంది.

‘అన్‌లెస్’ దగ్గర మరీ జాగ్రత్త. ‘నీటిమట్టం తగ్గకపోతే పడవలు వదలరు’ అనుకుని నువ్వు ‘అన్‌లెస్ ద లెవెల్ డజ్ నాట్ ఫాల్, ద బోట్స్ విల్ నాట్ రన్’ అని రాశావు. ‘తగ్గకపోతే’లో ఉన్న నిషేధం ‘అన్‌లెస్’ కడుపులో ముందే ఉంది. మళ్ళీ ‘నాట్’ చేర్చేసరికి నీటిమట్టం తగ్గితేనే పడవలు ఆపేస్తారని అర్థం వచ్చింది. వరద రాత్రి ఇలాంటి ప్రకటన చేస్తే ఊరు ఏమవుతుందో ఆలోచించు.

నా అనుభవం ఒకటి చెబుతాను. నా మొదటి ఇంగ్లీషు కథను పంపిన పత్రిక సంపాదకుడు దాన్ని వెనక్కి పంపాడు. ప్రతి ‘వుడ్’ కిందా పెన్సిలుతో సన్నటి గీత, అంచున ఒకే ప్రశ్న: ఈ మనిషికి ఈ సంగతి తెలుసా, తెలియదా? నాకు చాలా కోపం వచ్చింది. నియమాలన్నీ పాటించాననే నా ధీమా. వారం తరువాత ఆ గీతల వెంట మళ్ళీ చదివితే, నా పాత్రలకు ఏది తెలుసో, దేన్ని నమ్ముతున్నారో, దేన్ని వదులుకున్నారో నేనే తేల్చుకోలేదని అర్థమైంది. అప్పటినుంచి షరతు వాక్యం రాసే ముందు వ్యాకరణం అడగను, ఆ మనిషిని అడుగుతాను. తండ్రి ఇంకా బతికి ఉన్నాడని నమ్మే కూతురు ‘ఇఫ్ హి కమ్స్ బ్యాక్’ అంటుంది. ఆశ సన్నగిల్లినది ‘ఇఫ్ హి కేమ్ బ్యాక్’ అంటుంది. కర్మకాండలు ముగించి కూర్చున్నది ‘ఇఫ్ హి హ్యాడ్ కమ్ బ్యాక్’ అంటుంది. తండ్రి ఒక్కడే, ఏ రూపం వస్తుందో నిర్ణయించేది కూతురి మనసు. కథ నడుస్తుండగా ఆమె ఒక రూపం నుంచి మరో రూపానికి జారిందంటే, ఏడుపు వర్ణన ఒక్క వాక్యం రాయకుండానే ఆమె ఆశ వదులుకున్నదని నువ్వు చెప్పేసినట్టు.

కొన్ని వాక్యాల్లో రెండు సగాలూ వేర్వేరు కాలాల్లో ఉంటాయి, వాటిని చూసి భయపడకు. భద్రాచలం కరకట్ట 1986 వరద తరువాత కట్టినది. ‘ఆ వరద రాకపోయి ఉంటే ఇవాళ మనకు ఈ కట్ట ఉండేది కాదు’ అన్నామంటే కారణం అప్పటిది, ఫలితం ఇప్పటిది. కాబట్టి ముందు సగంలో ‘హ్యాడ్ నాట్ కమ్’, తరువాతి సగంలో ‘వుడ్ నాట్ హావ్ దిస్ బండ్ టుడే’. అంకెల పట్టికలో ఇది ఎక్కడా ఇమడదని నీ పుస్తకం దీనికి మిశ్రమం అని పేరు పెట్టి చివరి పేజీలో పడేసి ఉంటుంది. నా దృష్టిలో కథకులకు ఎక్కువగా పనికొచ్చేది ఇదే, ఎందుకంటే మనుషులు గతాన్ని తలుచుకునేది ఇవాళ్టి బతుకు కోసమే.

‘ఇఫ్’ లేకుండా ‘హ్యాడ్ ద వాటర్ కమ్ ఇన్’ అని మొదలుపెట్టే పద్ధతి నీకు బాగా నచ్చినట్టుంది, ఆరుచోట్ల వాడావు. అది తప్పు కాదు, కానీ అది కాగితం మీది గొంతు. ‘షుడ్ ద లెవెల్ క్రాస్ 53 ఫీట్’ అని కలెక్టరు కార్యాలయపు ప్రకటనలో పెట్టు, బావుంటుంది. వసారాలో వక్కలు కత్తిరిస్తున్న ముసలమ్మ నోట్లో వద్దు. ఆమెకు ‘ఇఫ్’ చాలు. కామా సంగతి కూడా అడిగావు: ‘ఇఫ్’ సగం ముందుంటే దాని తరువాత కామా పెట్టు, వెనక ఉంటే సాధారణంగా అక్కర్లేదు.

చివరిగా నీ కథలోని ఆఖరి వాక్యం. కొడుకు తెల్లవారి వచ్చి గుమ్మంలో నిలబడితే ముసలమ్మ ‘రాత్రే నువ్వు వచ్చి ఉంటే, మీ నాన్నను కాపాడుకునేవాళ్ళం’ అంటుంది. నువ్వు ఇంగ్లీషులో ఆ రెండు సగాలనూ తప్పు లేకుండా రాశావు. అయినా రెండో సగం కొట్టెయ్యమంటాను. ‘ఇఫ్ యూ హ్యాడ్ కమ్ లాస్ట్ నైట్’ అని ఆమె ఆగిపోతే చాలు. అతను రాలేదన్నది ఆ ‘హ్యాడ్’లోనే ఉంది, మిగతాది ఆ కొడుకుకు తెలుసు. మార్చి రాసి పంపు. ఈసారి పదిహేడు వాక్యాల పక్కనా, ఆ మాట అన్నవాళ్ళు దాన్ని ఎంతవరకు నమ్ముతున్నారో తెలుగులో ఒక్కొక్క ముక్క రాసి పంపితే, నేను చూసి తిరిగి పంపుతాను.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న వంటివాణ్ణి