టెర్మినల్‌లో పీహెచ్‌పీ 8.3, బ్రౌజర్‌లో మాత్రం 8.1

గుంటూరులోని మీ కళాశాల సర్వర్‌ను ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ 22.04 నుంచి 24.04కు మార్చిన తరువాత, వెబ్‌సైటును నడిపే భాష పీహెచ్‌పీ వెర్షన్‌ను టెర్మినల్ 8.3 అంటుండగా, బ్రౌజర్‌లో ఆ వివరాలు చూపే పీహెచ్‌పీఇన్ఫో పేజీ ఇంకా 8.1 అని చూపడానికి కారణం, వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ పాత పీహెచ్‌పీ మాడ్యూల్‌నే లోడ్ చేస్తూ ఉండడం కావచ్చు.

ఉబుంటులో టెర్మినల్‌కు సీఎల్‌ఐ (కమాండ్ లైన్) ప్యాకేజీ, అపాచీకి లిబ్‌అపాచీ2-మాడ్-పీహెచ్‌పీ8.3 అనే మరొక ప్యాకేజీ ఉంటాయి. పాత మాడ్యూల్ అప్పటికే ఎనేబుల్ అయి ఉంటే, ఈ రెండోది తాను ఎనేబుల్ కావడం లేదని ఒక్క లైనులో చెప్పి ఊరుకుంటుంది. అప్‌గ్రేడ్‌లో లైన్లు వరుసగా దొర్లిపోతుంటే దాన్ని ఎవరు చదువుతారు! అందరూ వదిలేసే మెట్టు ఇదే.

1. పై అపాచీ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయి ఉందో లేదో చూడండి.
2. సుడోతో (అడ్మిన్ అధికారంతో) ముందు పాత మాడ్యూల్‌ను ఆపే ‘ఎ2డిస్‌మాడ్ పీహెచ్‌పీ8.1’, ఆ తరువాతే కొత్తదాన్ని ఎనేబుల్ చేసే ‘ఎ2ఎన్‌మాడ్ పీహెచ్‌పీ8.3’ ఇవ్వండి.
3. అపాచీని రీస్టార్ట్ చేసి, పీహెచ్‌పీఇన్ఫో పేజీని మళ్లీ తెరవండి.

పాత సెట్టింగుల ఫైలు పీహెచ్‌పీ.ఐఎన్‌ఐలో మీరు పెంచిన అప్‌లోడ్ పరిమితి వంటివి కొత్త వెర్షన్‌కు వాటంతట అవి రావు, వాటిని 8.3 ఫోల్డర్‌లోని ‘అపాచీ2’ కింద ఉన్న ఫైలులో మార్చాలే గాని ‘సీఎల్‌ఐ’ కింద మార్చితే వెబ్‌సైటులో ఏ మార్పూ రాదు. ఆ తరువాత మీ వెబ్‌సైటులో విద్యార్థుల మార్కులు చూపే పేజీ వంటిది డేటాబేస్ కనెక్షన్ దగ్గర ఆగిపోతే, పీహెచ్‌పీ8.3-మైఎస్‌క్యూఎల్ ప్యాకేజీని కూడా ఇన్‌స్టాల్ చేసి, అపాచీని మరోసారి రీస్టార్ట్ చేయండి.