గెలాక్సీల పరిశోధన: బీటెక్ చేశాక చూసుకోవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు. బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడ్డాం. ద్వితీయ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) చదువుతున్న మా అమ్మాయి సుదూర గెలాక్సీలపై పరిశోధన చేస్తానంటోంది. ముందు కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేసి, తర్వాత అటు వెళ్లమంటే సరిపోతుందా? - ఒక తండ్రి

జవాబు: స్థిరమైన ఉద్యోగం ఆలస్యంగా దొరికే రంగమిది. పీజీ తర్వాత పీహెచ్‌డీకి అయిదారేళ్లు, ఆపైన పోస్ట్ డాక్టరల్ పరిశోధనకు మరికొన్నేళ్లు పడతాయి కాబట్టి, శాశ్వత శాస్త్రవేత్త పదవి సాధారణంగా ముప్పై దాటాకే అందుతుంది. అయితే పీహెచ్‌డీ చదువు భారం మీపై పడదు. 2023 నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, సీనియర్ అయ్యాక 42,000.

బీటెక్ చేసినంత మాత్రాన దారి మూసుకుపోదు. జెస్ట్, గేట్ వంటి పరీక్షల ద్వారా ఇంజినీరింగ్ పట్టభద్రులను తీసుకునే పరిశోధన సంస్థలూ ఉన్నాయి. కానీ ఈ పరిశోధనకు కావలసిన క్వాంటం మెకానిక్స్, విద్యుదయస్కాంత సిద్ధాంతం, స్టాటిస్టికల్ మెకానిక్స్ వంటి భౌతికశాస్త్ర పాఠాలు అప్పుడు సొంతంగా నేర్చుకోవలసి వస్తుంది. కంప్యూటర్ సైన్స్ ఒత్తిడి మధ్య అది తేలిక కాదు. ఆమె ఆసక్తి గట్టిదైతే బెంగళూరులోని ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో నాలుగేళ్ల బీఎస్ రీసెర్చ్, లేదా ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐసర్‌లలో (కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థల్లో) బీఎస్-ఎంఎస్ చదవడమే మేలని నా అభిప్రాయం. పై చదువులకూ ఊరు దాటనక్కర్లేదు: కోరమంగళలో భారత ఖగోళ భౌతిక సంస్థ, సదాశివనగర్‌లో రామన్ పరిశోధన సంస్థ ఉన్నాయి.

ఆసక్తి గట్టిదా కాదా అన్నది తేల్చుకోవడమే అసలు విషయం. ఈ పనిలో రాత్రంతా టెలిస్కోప్‌లోంచి చూడటం ఉండదు. లద్దాఖ్‌లోని హాన్లేలో ఉన్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ను మన నగర శివార్లలోని హోసకోటె నుంచే ఉపగ్రహ సంబంధంతో నడుపుతారు. పరిశోధకుల రోజులో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందు, పైథాన్ ప్రోగ్రాములతో, గణితంతో గడుస్తుంది. ఉదాహరణకు, హైడ్రోజన్ వెలువరించే ఒక ఎర్రటి గీత తరంగదైర్ఘ్యం ప్రయోగశాలలో 656.3 నానోమీటర్లు, అదే గీత ఒక గెలాక్సీ వర్ణపటంలో (దాని కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసిన చిత్రంలో) 721.9 దగ్గర కనిపిస్తే, దాని రెడ్‌షిఫ్ట్, అంటే తరంగదైర్ఘ్యం అసలు విలువలో ఎన్నో వంతు పెరిగిందో చెప్పే సంఖ్య, 0.1. అక్కడి నుంచి ఆ గెలాక్సీ ఎంత దూరంలో ఉందో అంచనా వేస్తారు.

ఆకాశాన్ని విస్తృతంగా పరిశీలించిన స్లోన్ డిజిటల్ స్కై సర్వే సేకరించిన గెలాక్సీల వర్ణపటాలు అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. పరీక్షలయ్యాక వచ్చే సెలవుల్లో కొన్ని గెలాక్సీల రెడ్‌షిఫ్ట్‌ను తనంతట తానే లెక్కగట్టమనండి. జవాబు తప్పినప్పుడు విసుగు పడకుండా మళ్లీ కూర్చుంటే, బీటెక్ మాట ఎత్తకండి. వారంలోనే పక్కన పెట్టేస్తే, మీరు సూచించిన మార్గం గురించి అప్పుడు ఇద్దరూ నిదానంగా మాట్లాడుకోవచ్చు.