ఫిల్లింగ్ రంగు సరే, ఆ పన్నులో నరం ఎలా ఉంది?

ప్రశ్న: నా వయసు 26. మూడేళ్ల కిందట స్కూటీ మీద నుంచి పడితే పై వరుసలో ముందు పన్ను అంచు విరిగింది. పన్ను రంగు కాంపోజిట్ ఫిల్లింగ్ పెట్టి నీలం లైట్‌తో గట్టిపరిచారు. ఏడాదిగా అక్కడ పసుపు, బూడిద రంగు కలిసినట్లు కనిపిస్తోంది. లైట్ సరిగా పెట్టకపోవడం వల్లేనా? నిమ్మరసం, వంట సోడాతో రుద్దుతున్నా. ఆరు నెలలుగా క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ కూడా వాడుతున్నా. వేడి టీ తాగితే ఒక్కోసారి సలుపుతుంది, మాత్ర వేసుకుంటే తగ్గుతుంది. రెండు నెలల్లో పెళ్లి. బ్లీచింగ్ చేయించుకోవచ్చా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: మీరు రంగు గురించి అడిగారు కానీ, నన్ను ఆపింది టీ తాగితే సలుపుతుందన్న మాట. దెబ్బ తగిలిన పన్ను బూడిద రంగుకు మారి, వేడికి సలుపుతుంటే ముందు లోపలి నరాన్ని అనుమానించాలి. దెబ్బ తగిలిన నెలలకో, ఏళ్లకో కూడా నరం చచ్చిపోవచ్చు. అప్పుడు పన్నే లోపలి నుంచి నల్లబడుతుంది. నొప్పి దానంతటదే ఆగిపోతే నయమైందనుకోకండి, వేరు కొసన చీము పట్టే అవకాశం ఉంటుంది. ఈ వారమే డెంటిస్ట్‌కు చూపించి ఎక్స్‌రే, చల్లదనంతో చేసే నరం పరీక్ష చేయించండి. రూట్ కెనాల్ అవసరమో కాదో చూడకుండా చెప్పలేను.

ఏడాదిగా రంగు మారుతుంటే ఇన్నాళ్లూ ఎందుకు ఆగారమ్మా? పైగా సొంత వైద్యం! నిమ్మరసంలోని ఆమ్లం పన్ను గట్టి పైపొర అయిన ఎనామిల్‌ను మెత్తబరుస్తుంది, దాని మీద సోడాతో రుద్దితే అరుగుతుంది. ఫిల్లింగ్ నునుపు పోయి గరుకెక్కితే టీ, కాఫీ, కూరల్లో పసుపు ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. క్లోర్‌హెక్సిడిన్ మామూలుగా డాక్టర్ చెప్పిన కొద్ది రోజులకే వాడాల్సిన మందు. నెలల తరబడి వాడితే పళ్ల మీద, ఫిల్లింగ్ మీద, నాలుక మీద కూడా గోధుమ రంగు మరకలు పడతాయి. మరక పోవాలని వాడుతున్నదే మరక వేస్తూ ఉండొచ్చు. డాక్టర్ రాసివ్వకపోతే ఆపేయండి. నొప్పి మాత్రలు కూడా జబ్బును దాచిపెడతాయంతే.

ఇక లైట్ సంగతి. కాంపోజిట్‌లో ఎక్కువగా కాంఫర్‌క్వినోన్ అనే పసుపు రంగు పదార్థం ఉంటుంది. దాదాపు 470 నానోమీటర్ల నీలం కాంతి తగిలితే అది ఫిల్లింగ్‌లోని రెసిన్‌ను, అంటే ప్లాస్టిక్ లాంటి మెత్తని పదార్థాన్ని, గట్టిపరిచే చర్యను మొదలుపెడుతుంది. కాంతి లోతుకు పోలేదు కాబట్టి మామూలు కాంపోజిట్‌ను సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా పెట్టి ఒక్కో పొరకు లైట్ వేస్తారు. లైట్ బలం తగ్గినా, కొస దూరంగా పట్టినా రెసిన్ సరిగా గట్టిపడక నీటిని, రంగును పీల్చుకుంటుంది. అన్నీ సరిగా చేసినా కొంత రెసిన్ చర్య జరపకుండా మిగిలే ఉంటుంది, అందులోని అమైన్లు అనే రసాయనాలు ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతాయి. పైమరక పాలిషింగ్‌తో పోతుంది. లోపలి రంగు పోదు, ఫిల్లింగ్ మార్చాల్సిందే. అంచు వెంట గీతలా నల్లబడితే కింద పుచ్చు మొదలైందేమో చూడాలి. ఇన్నేళ్ల తర్వాత రంగు ఒక్కటే చూసి అప్పటి లైట్‌ను తప్పుపట్టడం కష్టం.

బ్లీచింగ్ మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. అది సహజమైన పన్నును తెల్లబరుస్తుంది కానీ ఫిల్లింగ్ రంగును మార్చదు, చివరికి ఫిల్లింగే మరింత కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. నరం సంగతి తేలాక, డాక్టర్ సరేనంటే ముందు బ్లీచింగ్, కనీసం రెండు వారాలు ఆగి కొత్త ఫిల్లింగ్. వెంటనే పెడితే బ్లీచింగ్ వల్ల పన్నులో మిగిలిన ఆక్సిజన్ వల్ల రెసిన్ సరిగా అతకదు. ఫిల్లింగ్ షేడ్ (రంగు ఛాయ) మాత్రం పన్ను ఆరకముందే, పగటి వెలుతురులో ఎంచమని అడగండి. ఆరిన పన్ను అసలు కన్నా తెల్లగా కనిపిస్తుంది. కొత్త ఫిల్లింగ్ పెట్టాక ఒకట్రెండు రోజులు టీ, కాఫీ, పసుపు ఎక్కువున్న కూరలు తగ్గించండి.

ఈలోగా చిగురు వాచినా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు వెళ్లండి.