క్రీడా సందేహాలు: కాలేజీ ఖో-ఖో జట్టు, జూలై నుంచి టోర్నీ దాకా

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ అమ్మాయిల జట్టులో పరుగుకు లోటు లేదు. అయినా పోయినేడు అంతర కళాశాలల పోటీల్లో మొదటి మ్యాచ్‌లోనే ఇంటికొచ్చాం. ఛేజింగ్‌లో పాయింట్లు రావట్లేదు. లోపం ఎక్కడ?
– ఫిజికల్ డైరెక్టర్, నాగర్‌కర్నూల్

జవాబు: పరుగు సంగతి పక్కనపెట్టి, కూర్చున్న ఎనిమిది మంది ఛేజర్లు ఎట్లా లేస్తున్నారో చూడండి. పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా నడిపితే తెలిసిపోతుంది. ఖో పడగానే చాలామంది ముందు నిటారుగా నిలబడతారు, తర్వాతే కాలు కదుపుతారు. ఆలోపు రన్నర్ చేతికందనంత దూరం పోతుంది. వంద మీటర్లు ఎంత బాగా ఉరికినా ఆ ఆలస్యం పూడదు, ఎందుకంటే ఖో-ఖోలో ఒక్కో ఛేజర్ ఉరికేది ఎక్కువసార్లు నాలుగైదు అడుగులే.

కూర్చునేటప్పుడు ఒక పాదం ముందుకు, ఇంకోటి వెనక్కు ఉండాలి. దీన్నే బుల్లెట్ టో అంటారు. వెనక పాదం మునివేళ్ల మీద ఆనాలి, రెండు చేతుల వేళ్లు గీతకు ముందు నేలను తాకాలి, పిరుదులు మడమకు అతుక్కుపోకూడదు. ఖో వినగానే వెనక కాలితో నెట్టి, తల వంచే ఉంచి, మొదటి అడుగు పొట్టిగా వేయాలి. రోజూ ఒక్కొక్కరు పదేసి చొప్పున మూడు విడతలు లేవాలి, విడతకూ విడతకూ నడుమ నిమిషం విరామం. ఎడమకు ఎన్నిసార్లు లేస్తే కుడికీ అన్నిసార్లు లేవాలి. ఒకే వైపు అలవాటైన అమ్మాయిని ఎదుటి జట్టు రెండు నిమిషాల్లో కనిపెట్టి, అటువైపే తిప్పుతుంది.

ఇక ఫౌళ్లు. వీపుమీద చెయ్యి పడకముందే లేవడం, ఖో అన్న మాట ఒకప్పుడూ చెయ్యి ఒకప్పుడూ పడటం, ఒక దిక్కుకు భుజం తిప్పాక మళ్లీ వెనక్కి తిరగడం, నడిమి గీత తొక్కడం. పాయింట్లు ఎక్కువగా పోయేది ఈ నాలుగింటితోనే. ఫౌల్ పడితే ఛేజర్ ఎదురుదిక్కుకు మళ్లాలి. అది సరిదిద్దుకునే దాకా ఎవరిని ముట్టినా ఔట్ కాదు, రన్నర్‌కు ఉత్తపుణ్యానికి ఊపిరి దొరుకుతుంది. ప్రాక్టీసులో ఒకరిని నోట్‌బుక్‌తో కూర్చోబెట్టి, ఎవరు ఏ ఫౌల్ చేశారో పేరుతో రాయించండి. వారం తిరిగేసరికి ఎవరితో ఏం పని చేయించాలో మీకే స్పష్టమవుతుంది. ఇంకో సంగతి: మూడో రన్నర్‌ను ఔట్ చేసిన ఛేజర్ ఆ ఊపులో కొత్త బ్యాచ్ (తర్వాత వచ్చే ముగ్గురు రన్నర్లు) మీదికి పోకూడదు, ముందు ఖో ఇచ్చి తీరాలి. గెలిచే సంబరంలో మరిచిపోయేది ఇదే.

ప్రశ్న: మా గ్రౌండ్ అంతా మొరం. పోల్ డైవ్ (కోర్టు చివరి స్తంభం పట్టుకుని రన్నర్ మీదికి వాలి దూకడం) అంటే పిల్లలు జంకుతున్నారు. మ్యాట్ కొనే స్తోమత లేదు.
– కోచ్, దేవరకొండ

జవాబు: వాళ్లు జంకడం న్యాయమే, మొరం మీద డైవ్ చేయించకండి. కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. మొత్తానికి పది సెంటీమీటర్ల మందాన మట్టి పోయాలంటే సుమారు 43 ఘనపు మీటర్లు, అంటే పదిహేను ట్రాక్టర్ ట్రాలీల దాకా కావాలి. అంత అక్కర్లేదు. రెండు పోళ్ల దగ్గర 5 మీటర్లకు 5 మీటర్లు చేస్తే ఒక్కో పక్క ఒక్క ట్రాలీతో సరిపోతుంది. గడ్డపారతో పది సెంటీమీటర్లు తవ్వి, కంకర ఏరేసి, జల్లెడ పట్టిన చెరువు మట్టి రెండు పాళ్లు, సన్న ఇసుక ఒక పాలు కలిపి నింపండి. ఉత్త చెరువు మట్టి వేస్తే ఎండకు పగుళ్లిస్తుంది, వానకు జారుతుంది. ముందురోజు రాత్రి తడిపి, పొద్దున రోలర్ తిప్పి, పైన రెండు సెంటీమీటర్లు గుల్లగా గీకి వదలండి.

పోళ్లు రెంటికీ నడుమ 24 మీటర్లు, నేలమీద ఎత్తు 120 నుంచి 125 సెంటీమీటర్లు. పోల్ నుంచి మొదటి అడ్డపట్టీకి (ఛేజర్ కూర్చునే గడి ఉండే పట్టీ) 2.55 మీటర్లు, పట్టీకీ పట్టీకీ నడుమ 2.30 మీటర్లు. ఇవి తప్పుగా గీసుకుని ప్రాక్టీసు చేస్తే టోర్నీలో అడుగుల లెక్క చెడుతుంది. పోల్‌ను గరుకు కాగితంతో రుద్ది నునుపు చేయించండి, పెచ్చు లేస్తే అరచేయి చీరుకుపోతుంది.

డైవ్ నేర్పేటప్పుడు తొందర వద్దు. మొదట నిలబడి ఒక చేత్తో పోల్ పట్టుకుని, పోల్ మొదట్లో పాదం ఆనించి, రెండో చెయ్యి చాపి వాలడమే. తర్వాత మూడడుగుల నుంచి, ఆ తర్వాత ఖో తీసుకుని. పోల్ పట్టిన చెయ్యి ముందే వదిలేస్తే ఛాతీ నేలకు కొట్టుకుంటుంది, దెబ్బలన్నీ అక్కడే. చేతికందే రన్నర్ మీదికి డైవ్ చేసే అలవాటు కూడా మానిపించండి. డైవ్ చేసినామె లేచి ఖో ఇచ్చేలోపు రెండో రన్నర్ కుదుటపడుతుంది.

ప్రశ్న: బతుకమ్మ, దసరా సెలవులకు పోయిన పిల్లలు పత్తి ఏరుడయ్యాక గానీ రారు. నవంబరులో టోర్నీ పెడితే జట్టును ఎట్లా నిలబెట్టాలి?
– అధ్యాపకుడు, మిర్యాలగూడ

జవాబు: వాళ్లు రాకుండా ఇంటిదగ్గర ఆగేది పత్తి ఏరే కూలీలు దొరక్కనో, ఇంటి అవసరం కొద్దీనో. కోప్పడితే లాభం లేదు, ప్రణాళికే దానికి తగ్గట్టు వేయాలి. 15 మంది జట్టుకు జూలైలోనే 20 మందిని తయారు చేయండి. వానలకు గ్రౌండ్ బురదైన రోజుల్లో వరండాలో లేచే డ్రిల్లు, గోడకు ఆని కూర్చోవడం, తాడాట. ఆగస్టు రెండో సగం నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా అసలు నైపుణ్యమంతా నేర్పేయాలి. దసరా తర్వాత కొత్తది ఏదీ మొదలుపెట్టవద్దు.

సెలవుల్లో చేయాల్సింది కాగితం మీద రాసివ్వండి: పది నిమిషాల తాడాట, 20 మీటర్ల దూరంలో రాయిపెట్టి తిరిగొచ్చే పరుగు పదిసార్లు, గుంజీళ్లు ఇరవై చొప్పున మూడు విడతలు. దీనికి అరగంట చాలు. రోజంతా వంగి పత్తి ఏరినవాళ్లకు నడుము, తొడ వెనక కండరాలు బిగుసుకుపోతాయి. తిరిగొచ్చిన మొదటి మూడు రోజులు సగం పనే ఇవ్వండి, డైవ్‌లు అసలే వద్దు. వచ్చిన రోజే పూర్తి మ్యాచ్ ఆడిస్తే తొడ కండరం పట్టేసి ఆ సీజనే పోతుంది.

టోర్నీకి ముందు మూడు వారాలు, వారానికి రెండు పూర్తి మ్యాచ్‌లు. ఆఖరి వారం పని సగానికి తగ్గించండి. ఆర్టీసీలో అమ్మాయిలకు ఛార్జీ లేదు గానీ ఊరికి చివరి పల్లెవెలుగు ఎవరికోసమూ ఆగదు, ప్రాక్టీసు వేళ ఆ బస్సును చూసి పెట్టుకోండి.

ప్రశ్న: డిఫెన్స్‌లో మూడు బ్యాచ్‌లను ఎట్లా విడగొట్టాలి?
– జట్టు కెప్టెన్, సూర్యాపేట

జవాబు: టర్న్ (ఒక జట్టు ఛేజింగ్ చేసే వంతు) 9 నిమిషాలు. ఒక్కో బ్యాచ్ 3 నిమిషాలు నిలిస్తే ఎదుటివాళ్లకు తొమ్మిదికి మించి పాయింట్లు రావు. లక్ష్యంగా అదే పెట్టుకోండి. మెరికలు ముగ్గురినీ ఒకే బ్యాచ్‌లో వేస్తే మిగతా రెండూ నిమిషంన్నరకే కూలుతాయి. ప్రతి బ్యాచ్‌లో గొలుసు ఆట, అంటే కూర్చున్నవాళ్ల నడుమ వంకరటింకరగా దూరిపోయే ఆట, బాగా వచ్చినామె ఒకరుండాలి. నడుమ రెండు మూడు గళ్ల చుట్టూ రింగ్ తిరిగేవారు ఇంకొకరు. ఒకరు ఉరుకుతుంటే మిగతా ఇద్దరు పోళ్లకు దూరంగా, ఆమె దారికి అడ్డం లేకుండా నిలబడాలి. ఇద్దరు రన్నర్లు ఒకే సందులోకి వస్తే ఒకే ఖోతో ఇద్దరూ పోతారు.

ప్రశ్న: చీలమండ బెణికితే ఎన్నాళ్లు ఆపాలి?
– విద్యార్థిని, జడ్చర్ల

జవాబు: ఐసును గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి, రెండు రోజుల పాటు పెట్టండి. క్రేప్ బ్యాండేజీ కట్టి కాలు ఎత్తులో ఉంచండి. తైలంతో మర్దన వద్దు, వాపు పెరుగుతుంది. నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించండి. తిరిగి రావడానికి తేదీ చూడకండి. ఆ ఒంటికాలి మీద నొప్పి లేకుండా పదిసార్లు గెంతగలిగితే డ్రిల్లులోకి రండి. ఛేజింగ్‌తో మొదలుపెట్టి, రన్నింగ్ ఇంకో వారం తర్వాత.