అత్యవసర ఆపరేషన్‌ను ఏఐ నిర్ణయిస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. తీవ్రమైన కడుపునొప్పితో విజయవాడలో ఆసుపత్రికి తీసుకువెళితే, పేగుకు చిల్లు పడిందని వెంటనే ఆపరేషన్ చేశారు. ముప్పు ఎంత శాతమో ఏఐ సాఫ్ట్‌వేర్ లెక్కగట్టిందని అంతకుముందు చెప్పారు. ఇప్పుడు కోలుకుంటున్నారు. అయినా నిర్ణయం డాక్టరుదా, యంత్రానిదా అన్న అనుమానం మాకు పోలేదు. వద్దనే హక్కు మాకుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ నాన్నగారు కోలుకుంటున్నందుకు సంతోషం. పేగుకు చిల్లు పడితే లోపలి మలినాలు కడుపులో వ్యాపించి, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి చేరుతుంది కనుక, గంటలు గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఇలాంటి రోగుల్లో చాలామందికి ఆపరేషన్ తప్పదని తేల్చడానికి సర్జన్ చేతి పరీక్ష, సీటీ స్కాన్ సరిపోతాయి. సాఫ్ట్‌వేర్ ఇచ్చేది ఆపరేషన్ తరువాత చిక్కులు ఎంతవరకు రావచ్చన్న అంచనా మాత్రమే. ఐసీయూ పడక సిద్ధం చేయించడానికీ, కుటుంబానికి పరిస్థితిని దాచకుండా వివరించడానికీ అది పనికొస్తుంది.

ముప్పును అంకెల్లో చూడటం వైద్యులకు కొత్త కాదు. అపెండిసైటిస్‌ను అంచనా వేసే అల్వరాడో స్కోరు 1986 నుంచీ ఉంది. ఎనిమిది అంశాలకు పది మార్కులు వేసే ఆ పద్ధతిలో ఏ మార్కు ఎందుకు పడిందో అందరికీ కనిపిస్తుంది. చాలా ఏఐ సాధనాల్లో అది కనిపించదు. వైద్యుల్లో కొందరు వెనుకాడటానికి ఇదొక ముఖ్య కారణం, ఆ సంకోచం సమంజసమేనని నా అభిప్రాయం. అత్యవసర ఆపరేషన్లలో ముప్పును అంచనా వేసే, అమెరికాలో 2018లో వెలువడిన పాటర్ అనే ఏఐ సాధనం ఒక్కో ప్రశ్నకు జవాబు తీసుకుంటూ ముందుకు సాగుతుంది కాబట్టి ఈ విషయంలో మెరుగే. కానీ అది నేర్చుకున్నది అక్కడి ఆసుపత్రుల రికార్డుల నుంచి. గ్యాస్ నొప్పి అనుకుని మాత్రలు మింగి, ఊళ్లో ఆర్‌ఎంపీ చేత ఇంజెక్షన్లు చేయించుకుని, రెండో రోజో మూడో రోజో ఇక్కడికి చేరే మన రోగి ఆ లెక్కకు పూర్తిగా అందకపోవచ్చు. ఆ తేడాను గుర్తించి అంచనాను సవరించుకోవలసింది సర్జనే.

ఇక హక్కు సంగతి. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వైద్యంలో ఏఐపై మనిషి పర్యవేక్షణ ఉండాలనే చెబుతున్నాయి. స్పృహలో ఉన్న వయోజనుడి సమ్మతి లేకుండా ఆపరేషన్ చేయకూడదు. స్పృహ లేని రోగి ప్రాణం కాపాడటానికి ఆలస్యం చేయలేని పరిస్థితి మాత్రమే దీనికి మినహాయింపు. కాబట్టి వద్దనే హక్కు ముందుగా మీ నాన్నగారిది. అయితే ఏఐ పేరు విన్నంత మాత్రాన సంతకానికి ఆలస్యం చేయకండి. "ఆ అంకె లేకపోయినా మీరు ఇదే సలహా ఇచ్చేవారా, ఎందుకు?" అని సర్జన్‌ను అడగండి, దానికి రెండు నిమిషాలు చాలు. ఈసారి రివ్యూకు వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ తీసుకువెళ్లి, ఆ స్కోరు తన నిర్ణయానికి ఎంతవరకు తోడ్పడిందో ఆయననే అడిగి తెలుసుకోండి.